ఒరవడి కింద పిల్లల చేతిరాత: ప్రాచీన నాగరికతల్లో చదువు

ప్రాచీన కాలపు చదువుల గురించి రాసేవారు సాధారణంగా గురువులతో మొదలుపెడతారు. సోక్రటీసు ఏమన్నాడో, కన్ఫ్యూషియస్ ఏం బోధించాడో, ఉద్దాలకుడు ఏ దృష్టాంతం చూపాడో మనకు చాలావరకు తెలుసు. నా ఆసక్తి మాత్రం ఎంతో కాలంగా ఆ గురువులకు ఎదురుగా కూర్చున్న పిల్లల మీదే ఉంది. బడిలో చేరిన కొత్తలో ఆ పిల్లవాడి చేత ఏం రాయించారు, ఎక్కడ తప్పు రాశాడు, ఏ వాక్యాన్ని పదేపదే దిద్దించారు అన్న ప్రశ్నలకు జవాబులు చాలా చోట్ల మట్టిలోనే దొరికాయి. పెద్దల గ్రంథాలు ప్రతుల మీద ప్రతులుగా మారుతూ మన దాకా వచ్చాయి. పిల్లల రాతలు పారేసినవి పారేసినట్టే మిగిలిపోయాయి. వాటి గురించి చదివేకొద్దీ నాలో ఒక అభిప్రాయం బలపడింది. పిల్లలకు రాత ఎలా నేర్పారన్నదానికన్నా, ఆ నేర్పే క్రమంలో వారి చేత ఏం రాయించారన్నది చూస్తేనే, ఆ సమాజం వారిని ఎలాంటి మనుషులుగా తయారు చేయదలచుకుందో స్పష్టంగా తెలుస్తుంది.

దక్షిణ ఇరాక్‌లోని నిప్పూర్ అనే ప్రాచీన నగరంలో 1951-52 తవ్వకాల్లో ఒక చిన్న ఇల్లు బయటపడింది. పురావస్తు శాస్త్రజ్ఞులు దానికి ‘ఎఫ్’ ఇల్లు అని గుర్తు పెట్టారు. క్రీ.పూ. 18వ శతాబ్దానికి చెందిన ఆ ఇంట్లో దాదాపు 1400 మట్టిపలకల ముక్కలు దొరికాయి; వాటిలో అధికభాగం బడిపిల్లల రాతలే. ఉన్నవి కొద్దిపాటి గదులు మాత్రమే. పాత పలకలను గోడల్లోనూ నేలలోనూ కూరి ఇల్లు కట్టడానికి వాడుకున్నారు. రాసిన పలకలను నానబెట్టి, తిరిగి మెత్తటి ముద్దగా చేసి, కొత్త పలకలు తట్టుకోవడానికి తొట్టి కూడా అక్కడే ఉండేది. ఆ ప్రాంతపు ప్రాచీన ప్రజలైన సుమేరియన్లు ‘ఎడుబ్బ’ (పలకల ఇల్లు) అని పిలిచిన బడి అంటే మహా భవనమేదో ఉండి ఉంటుందని ఊహించుకున్నవారికి ఈ ఇరుకు ఇల్లు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక పండితుడు, ఆయన ఇల్లు, చేతివేళ్లకు మట్టి అంటిన కొద్దిమంది పిల్లలు: ఆ కాలపు బడి బహుశా అంతే.

ఆ పిల్లల పాఠక్రమాన్ని పరిశోధకులు తిరిగి కూర్చగలిగిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. కొన్ని పెద్ద పలకల ముందువైపు ఎడమ సగంలో గురువు పెట్టిన ఒరవడి ఉంటుంది. కుడి సగంలో విద్యార్థి దాన్ని చూసి రాసి, చెరిపి, మళ్లీ రాస్తూ పోవడంతో ఆ వైపు మట్టి అరిగి పలచబడి ఉంటుంది. అదే పలక వెనుకవైపు, విద్యార్థి అంతకు ముందు నేర్చుకున్న పాఠంలోంచి ఒక పొడవైన భాగాన్ని రాసేవాడు. అంటే ముందువైపు ఉన్నది కొత్త పాఠం, వెనుకవైపు ఉన్నది పాత పాఠం. ఇలాంటి పలకలను పెద్ద సంఖ్యలో పోల్చి చూసినప్పుడు ఏ పాఠం తరువాత ఏ పాఠం వచ్చేదో తేలింది. ఏ గ్రంథమూ చెప్పని విషయాన్ని పిల్లల పలకలే చెప్పాయి.

మొదట రెల్లుపుల్లతో నిలువు, అడ్డ, ఏటవాలు గీట్లు వేయడం నేర్పేవారు. తరువాత ‘తు-త-తి, ను-న-ని, బు-బ-బి’ అంటూ సాగే అక్షరాల వరుస. గుణింతం దిద్దినవారెవరికైనా ఇది వెంటనే పరిచితంగా తోస్తుంది. దాని తరువాత మనుషుల పేర్లు, ఆ మీదట వస్తువుల జాబితాలు. చెట్లు, కర్రతో చేసిన వస్తువులు, రెల్లు, కుండలు, తోళ్లు, లోహాలు, జంతువులు, రాళ్లు, పక్షులు, చేపలు, ఊళ్ల పేర్లు, తిండిపదార్థాలు, ఇలా వేల మాటలు వరుసగా కంఠస్థం కావాలి. ఆ తరువాత కొలతలు, విలోమ సంఖ్యల పట్టికలు, పదికి బదులు 60 ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఎక్కాలు; నమూనా ఒప్పందపత్రాలు; సామెతలు. వీటన్నింటినీ దాటినవాడి చేతికి చివరకు కావ్యాలు వచ్చేవి. ఇంత దీర్ఘమైన అభ్యాసంలో పిల్లలు విసుగు చెందలేదనుకుంటే పొరపాటు. నిప్పూర్‌లోనే దొరికిన అభ్యాసపు పలకల్లో పంటిగాట్లు పడినవి ఉన్నాయి. ఎవరో పిల్లవాడు తడి ఆరని పలకను కొరికాడు. దాదాపు నాలుగు వేల సంవత్సరాల నాటి విసుగుకు ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలియదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈ పిల్లలు ఇంట్లో మాట్లాడింది అక్కాడియన్ భాష. బడిలో నేర్చింది ప్రధానంగా సుమేరియన్. అప్పటికే సుమేరియన్ వాడుకలోంచి తప్పుకొని, బడిలోనూ గుడిలోనూ మాత్రమే మిగిలింది. భూమి కొలతలకూ ధాన్యం లెక్కలకూ పనికొచ్చే గుమస్తాలను తయారు చేయడమే లక్ష్యమైతే, ఇనన్న దేవత మీద స్తోత్రాలనూ, గిల్గమేష్ అనే వీరుడు అడవిలో హువావా అనే రాక్షసుడిని ఎదిరించిన కథనూ ఒక మృతభాషలో రాయించవలసిన అవసరం లేదు. తాము ఒక ప్రాచీన విద్యకు వారసులమన్న స్పృహను ఆ పిల్లల్లో కలిగించడానికే ఇదంతా చేయించారని నేను నమ్ముతాను. అంతకు మూడు శతాబ్దాల ముందే ఊర్ నగర రాజు శుల్గి తన స్తోత్రంలో, చిన్ననాడే పలకల ఇంట్లో రాతా లెక్కా నేర్చానని, మట్టిమీద తనలా రాయగలవారు లేరని గొప్పగా చెప్పించుకున్నాడు. పిల్లలు ఆయన స్తోత్రాలను కూడా రాసేవారు. మగపిల్లలే ఎక్కువగా ఉన్న ఆ బడుల్లో దిద్దించిన ఇనన్న స్తోత్రాల్లో ఒకటి ఎన్‌హెదువన్న అనే పూజారిణి పేరుమీద ఉందన్నది గమనించదగ్గ సంగతి. సిప్పార్ నగరంలోనైతే ‘నదీతు’ అనే దీక్షాస్త్రీల సమూహంలో స్త్రీ లేఖకులే ఉండేవారు.

గణితం కూడా ఇదే చేతిలో పెరిగింది. ప్రస్తుతం యేల్ విశ్వవిద్యాలయ సేకరణలో ఉన్న, అరచేతిలో పట్టే గుండ్రటి పలక ఒకటి ప్రసిద్ధమైనది. దానిమీద ఒక చతురస్రం, దానికి రెండు కర్ణాలు గీసి ఉన్నాయి. భుజం పక్కన 30 అని, కర్ణం మీద 1. 24, 51, 10 అని, దాని కింద 42. 25, 35 అని 60 ఆధారంగా సాగే పద్ధతిలో అంకెలు రాసి ఉన్నాయి. మధ్యలో ఉన్నది రెండుకు వర్గమూలం. మన దశాంశ పద్ధతిలోకి మార్చుకుంటే 1.41421 దాకా సరిగ్గా సరిపోతుంది. దాన్ని 30తో గుణిస్తే మూడో సంఖ్య వస్తుంది. పలక ఆకారాన్ని బట్టి ఇది బహుశా ఒక విద్యార్థి చేసిన లెక్క. ఆ విలువను అతను కనిపెట్టలేదు, పట్టికలోంచి ఎత్తి రాసుకున్నాడు. కానీ ఒక సాధారణ బడిపిల్లవాడి చేతికి అందేంతగా ఆ జ్ఞానం స్థిరపడి ఉందన్నదే ఇక్కడ అసలు విశేషం.

దెబ్బల సంగతి దాటవేయడం న్యాయం కాదు. బడి జీవితం గురించిన ఒక సుమేరియన్ రచనను శామ్యూల్ నోవా క్రేమర్ అనే పండితుడు విడి ముక్కల నుంచి కూర్చి 1949లో ప్రచురించాడు. అందులో పిల్లవాడు పొద్దున్నే లేచి, తల్లి ఇచ్చిన రెండు రొట్టెలు పట్టుకొని బడికి పరుగెడతాడు. ఆలస్యమైనందుకు, మాట్లాడినందుకు, అనుమతి లేకుండా లేచినందుకు, గుమ్మం దాటినందుకు, చేతిరాత బాగాలేనందుకు, సుమేరియన్‌లో మాట్లాడనందుకు ఒకరి తరువాత ఒకరు అతన్ని కొడతారు. చివరకు తండ్రి గురువును ఇంటికి పిలిచి, పెద్దపీట వేసి, భోజనం పెట్టి, కొత్త బట్ట కట్టి, వేలికి ఉంగరం తొడుగుతాడు. అప్పుడు గురువు ఆ పిల్లవాడిని నోరారా పొగుడుతాడు. దీన్ని చాలామంది ఒక పిల్లవాడి ఆక్రందనగా చదువుతారు. నేను అలా చదవలేను. ఇది పెద్దలు కూర్చిన పాఠం. పిల్లల చేత నకలు రాయించిన పాఠం. దెబ్బలు తినేవాడి చేతనే దెబ్బల వర్ణన రాయించి, గురువును ఎలా సంతోషపెట్టాలో కూడా అందులోనే నేర్పించారు. బడి తన క్రమశిక్షణను సైతం పాఠంగా మార్చుకుంది.

ఈజిప్టులో ఈ ధోరణి మరింత బాహాటంగా కనిపిస్తుంది. రాజుల సమాధులు తొలిచి చిత్రించిన పనివారు నివసించిన దేర్ ఎల్-మదీనా గ్రామంలో, సున్నపురాతి పెచ్చుల మీద రాసిన అభ్యాసాలు పెద్ద సంఖ్యలో దొరికాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించేది, ఖేతి అనే తండ్రి తన కొడుకు పేపీని రాజధానిలోని బడికి పడవలో తీసుకెళుతూ చెప్పినట్టుగా ఉన్న బోధ. రాగిపనివాడి వేళ్లు మొసలి గోళ్లలా ఉంటాయని, అతని ఒంటి నుంచి చేపల కంపు కన్నా ఎక్కువ కంపు వస్తుందని, చాకలి మొసళ్ల పక్కనే బట్టలు ఉతకవలసి వస్తుందని, కుమ్మరి బతికుండగానే మట్టిలో కూరుకుపోతాడని ఒక్కొక్క వృత్తినీ ఈసడిస్తూ, పైవాడి అజమాయిషీ లేని పని లేఖకుడిది ఒక్కటేనని ఆ తండ్రి తేలుస్తాడు. దీన్ని దేర్ ఎల్-మదీనాలో రాసింది ఎవరు? రాయి తొలిచేవారి కొడుకులు, రంగులు కలిపేవారి కొడుకులు, పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు. తండ్రి చేతిపనిని హేళన చేసే వాక్యాలను కొడుకు పొందికగా దిద్దుతూ కూర్చున్న ఆ దృశ్యం తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. పైగా అది వారి కాలానికి అయిదారు వందల ఏళ్లు పాతబడిన భాష. అర్థం కాక రాసినందువల్ల వచ్చిన తప్పులు ఆ ప్రతుల్లో ఎన్ని ఉన్నాయంటే, కొన్ని వాక్యాల అసలు రూపం ఏమిటో నేటికీ పండితులు తేల్చుకోలేకపోతున్నారు. పిల్లవాడి చెవి వీపుమీద ఉంటుంది, కొడితేనే వింటాడు అన్న ప్రసిద్ధమైన మాట కూడా ఇలాంటి బడి పాఠాల్లోంచి వచ్చిందే.

భారతదేశానికి వచ్చేసరికి ఒరవడి కంటికి కాక చెవికి మారుతుంది. ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల సూక్తం ఒకటి ఉంది. వానాకాలం రాగానే కప్పలు ఒకదాని మాటను మరొకటి అందుకోవడాన్ని, గురువు మాటను శిష్యుడు తిరిగి పలకడంతో ఆ ఋషి పోలుస్తాడు. చదువు చెప్పుకునే దృశ్యం భారతీయ సాహిత్యంలో కనిపించే అత్యంత ప్రాచీన సందర్భాల్లో ఇది ఒకటి, అదీ ఇంత సజీవంగా. వల్లె వేయడం అంటే అర్థం లేని గొణుగుడు అనుకునేవారు వేదపాఠ పద్ధతులను ఒకసారి దగ్గరగా చూడాలి. మొదట సంహితను సంధులతో సహా నేర్చుకుంటారు. పదపాఠంలో సంధులను విడదీసి ఒక్కొక్క మాటను విడిగా పలుకుతారు. క్రమపాఠంలో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అంటూ జంటలుగా సాగుతారు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని ముందుకూ వెనక్కూ తిప్పుతారు. ఘనలో ఆ అల్లిక మూడో మాట దాకా విస్తరిస్తుంది. ఏ మాట జారిపోయినా, ఏ స్వరం మారినా ఈ అల్లికలో ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఉచ్చారణకు ఆరు అంశాలను చెబుతుంది. రాత సహాయం లేకుండా ఒక గ్రంథాన్ని శతాబ్దాల పొడవునా అక్షరం చెడకుండా దాటించిన పద్ధతి ఇది. పిల్లవాడి ఒళ్లే ఇక్కడ పుస్తకమైంది.

ఆ పుస్తకం ఎవరికి అందేదన్నది వేరే సంగతి. బ్రాహ్మణ బాలుడికి ఎనిమిదో ఏట, క్షత్రియుడికి పదకొండో ఏట, వైశ్యుడికి పన్నెండో ఏట ఉపనయనమని గృహ్యసూత్రాలు విధించాయి. శూద్రులకు ఆ వాకిలి మూసివేశారు. గార్గి వంటి విదుషీమణులు ఉపనిషత్తుల్లో కనిపిస్తారు గానీ, వారు ఆ కాలపు సాధారణ బాలికల చదువుకు ప్రతినిధులని చెప్పలేం. పద్ధతిని ఎంత మెచ్చుకున్నా ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి మెచ్చుకోవడం నాకు చేతకాదు.

కంఠస్థం అయినంత మాత్రాన చదువు పూర్తికాదని గుర్తించినవారూ ఆ సంప్రదాయంలోనే ఉన్నారు. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ నేర్చుకొని గర్వంతో తిరిగి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అతని చేత పదిహేను రోజులు నీళ్లు మాత్రమే తాగించి, ఋక్కులు చెప్పమంటాడు. ఒక్కటీ గుర్తుకు రాదు. అన్నం తిన్నాక అన్నీ తిరిగి వస్తాయి. మనసు అన్నమయమన్నది తండ్రి చెప్పదలచిన తత్త్వం. మర్రిపండు చిదిమి, అందులోని గింజను కూడా చిదిమి ఏం కనిపిస్తోందని అడగడం, ఉప్పును నీళ్లలో వేయించి మర్నాడు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమనడం కూడా ఆ పాఠంలోని భాగాలే. పన్నెండేళ్ల వల్లెవేత తరువాత ఈ తండ్రి కొడుక్కి తన చేతులతో పరీక్షించి తెలుసుకోవడం నేర్పించాడు. ప్రాచీన విద్య గురించి నేను చదివినవాటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

లిపి నేర్చుకునే పిల్లలూ ఇక్కడ ఉన్నారు. హర్యానాలోని సుఘ్‌లో దొరికిన, శుంగుల కాలానికి చెందిన మట్టిబొమ్మలో ఒక పిల్లవాడు ఒళ్లో పలక పెట్టుకొని కూర్చుంటాడు. ఆ పలక మీద బ్రాహ్మీ అక్షరాలు ఉన్నాయి.

చైనాలో క్విన్ రాజవంశపు మంత్రి లీ సీ పేరుమీద ప్రచారమైన నాలుగేసి అక్షరాల పాదాల బాలశిక్ష, ఆ తరువాతి హాన్ కాలంలో సరిహద్దు కోటల దాకా వ్యాపించింది. ఝాంగ్‌జియాషాన్ సమాధిలో దొరికిన క్రీ.పూ. 186 నాటి వెదురుపలకల చట్టం ప్రకారం, లేఖకుల కొడుకులు పదిహేడో ఏట శిక్షణలో చేరి మూడేళ్లు చదివి, 5000కు పైగా అక్షరాలను చదివి రాయగలిగితేనే లేఖకులయ్యేవారు. ఇక్కడ ఒరవడి పెట్టింది రాజ్యమే.

గ్రీకుల దగ్గర బడి ఎంత సాధారణమైపోయిందో తెలిపే ఆధారాలు విషాద వార్తల రూపంలో ఉండడం బాధాకరం. క్రీ.పూ. 494 ప్రాంతంలో కియోస్ ద్వీపంలో అక్షరాలు నేర్చుకుంటున్న 120 మంది పిల్లల మీద కప్పు కూలి ఒక్కడే బతికాడని హెరోడోటస్ రాశాడు. క్రీ.పూ. 413లో మికలెస్సోస్ అనే చిన్న పట్టణంలోని పెద్ద బడిలోకి పిల్లలు అప్పుడే అడుగుపెట్టగా థ్రేసియన్ సైనికులు అందరినీ చంపేశారని థుసిడిడీస్ రాశాడు. ఆ పట్టణంలో అది పెద్ద బడి అన్నాడంటే, అక్కడ ఇంకా వేరే బడులున్నాయన్నమాట. ఏథెన్స్‌లో చదువు ఖర్చు తల్లిదండ్రులదే. అక్షరాలకు ఒకరు, వీణ వంటి లైరాకు ఒకరు, వ్యాయామానికి ఒకరు ఉపాధ్యాయులుండేవారు. పిల్లవాడి వెంట బడికి వెళ్లివచ్చేది ఒక బానిస. రాయడం చేతకాని పిల్లలకు ఉపాధ్యాయుడు గీతలు గీసి ఇచ్చి, వాటి ప్రకారం రాయిస్తాడని ప్లేటో ‘ప్రొటాగరస్’లో చెబుతాడు. అదే చోట, పిల్లల చేత మంచివారిని కీర్తించే కవితలను కంఠస్థం చేయించడం వారిని అనుకరించాలన్న కోరిక పుట్టించడానికేనని కూడా చెప్పాడు. ఇంతసేపూ నేను చెబుతున్న విషయాన్ని వారు దాచుకోకుండా ఒప్పుకున్నారన్నమాట. స్పార్టాలో అక్షరాలు అవసరానికి సరిపడా మాత్రమే నేర్పి, ఏడేళ్ల మగపిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి గుంపులుగా పెంచారు. ఆ పెంపకాన్ని పొగిడే రాతలు ఎప్పుడు చదివినా నాకు రుచించవు.

దానికన్నా ట్రోజెన్ పట్టణం చేసిన పని గుర్తుంచుకోదగ్గది. క్రీ.పూ. 480లో పర్షియన్ సైన్యం వస్తున్నదని ఏథెన్స్ ప్రజలు తమ స్త్రీలనూ పిల్లలనూ అక్కడికి పంపించారు. వారి పోషణకు రోజువారీ భత్యం ఇవ్వాలని, పిల్లలు ఏ తోటలోనైనా పండ్లు కోసుకోవచ్చని, ఆ పిల్లల ఉపాధ్యాయుల జీతాలు తామే చెల్లిస్తామని ఆ పట్టణం తీర్మానించిందని ప్లూటార్క్ రాశాడు. నెత్తిన యుద్ధం ఉండగా, పరాయి ఊరి పిల్లల చదువు ఆగకూడదని అనుకున్నారు.

రోములో సుమారు క్రీ.శ. 95లో తన గ్రంథాన్ని పూర్తి చేసిన క్వింటిలియన్ అనే వక్తృత్వ గురువు, పిల్లలకు ఆడుకోవడానికి దంతపు అక్షరాలు ఇవ్వమన్నాడు. చెక్కలో తొలిచిన అక్షరాల గాడి వెంట గంటాన్ని నడిపిస్తే చేయి తప్పిపోదన్నాడు. పిల్లలను కొట్టవద్దని కూడా గట్టిగా వాదించాడు. అయితే ఆయన చెప్పిన మొదటి కారణం, అది నీచమని, బానిసలకు తగినదని. ఆయన దయకు ఒక సరిహద్దు ఉంది. దానికి ఆవల బానిసల పిల్లలు ఉన్నారు.

నిజానికి ప్రాచీన ప్రపంచపు పిల్లల్లో అత్యధికులు ఏ బడిలోనూ లేరు. వారు నేర్చుకున్నది మగ్గం మీద, చక్రం మీద, కొలిమి దగ్గర, పొలంలో. ఆ చదువుకు ఒరవడులు మిగలలేదు గానీ, ఒప్పంద పత్రాలు కొన్ని మిగిలాయి. రోమన్ పాలనలోని ఈజిప్టులో, ఆక్సిరింకస్ పట్టణంలో క్రీ.శ. 66లో ట్రైఫోన్ అనే నేతపనివాడు ఇంకా యుక్తవయసు రాని తన కొడుకు థూనిస్‌ను టాలమీ అనే మరో నేతగాడి దగ్గర ఒక ఏడాది పని నేర్చుకోవడానికి పెట్టాడు. పిల్లవాడి తిండీ బట్టా తండ్రే చూసుకోవాలి. అందుకు గురువు నెలకు అయిదు ద్రాక్మాలు తిండికి, ఏడాది చివర పన్నెండు ద్రాక్మాలు బట్టలకు ఇస్తాడు. గురువు తన పనితనమంతా నేర్పాలి. పిల్లవాడు పనికి రాని రోజులుంటే ఏడాది ముగిశాక అన్ని రోజులూ అదనంగా పని చేయాలి, లేదా రోజుకొక వెండి ద్రాక్మా చెల్లించాలి. మధ్యలో మానిపిస్తే తండ్రి వంద ద్రాక్మాలు కట్టాలి. నేర్పకపోతే గురువుకూ అదే జరిమానా. ఒప్పందం చివర గురువు టాలమీ తరఫున జోయిలస్ అనే వ్యక్తి రాశాడు. టాలమీకి అక్షరాలు రావని కూడా అతనే ఆ పత్రంలో నమోదు చేశాడు.